మళ్ళీ పగిలింది

"నాన్నా, మళ్ళీ పగిలింది!"

షెడ్డులోంచి కూతురి కేక. టీ తాగుతున్న తండ్రి గ్లాసు అక్కడే పెట్టి లేచాడు. వెనకాలే చెయ్యి తుడుచుకుంటూ తల్లి కూడా వచ్చింది.

షెడ్డంటే పెద్దదేం కాదు. ఇంటి పక్కన రేకుల గది. అందులో కారు సగం, వెల్డింగు సామాను సగం. లోపల నడవాలంటే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

ఇసుక పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఇనుప గొట్టాన్ని తిప్పి తిప్పి చూస్తోంది కూతురు. అతుకు పక్కనే వెంట్రుకంత బీట.

"అదే చోట నాన్నా! నిన్న పూడ్చేటప్పుడు ఎంత బాగుంది!"

"దీని దుంప తెగ!" అన్నాడు తండ్రి. "ఇనుములోనే ఏదో దోషముంది తల్లీ. పాత పోత. ఇక దీనితో పెట్టుకోవద్దు."

"పోయినసారి వెల్డింగు కడ్డీల తప్పన్నావు. అంతకు ముందు గ్యాసు మంచిది కాదన్నావు."

"అన్నీ కలిసొచ్చాయి మరి, నా ఖర్మ!"

కూతురు కారు రేసులకెళ్తుంది. ఈ ఆదివారం కొండ దారిలో పెద్ద పోటీ. దానికోసం ఆమె పాత కారుకి టర్బో తగిలించాలి. ఇంజనులోకి గాలి దట్టించి కారుని దౌడు తీయించేది అదే. కాకపోతే టర్బో ఒక కారుది, ఇంజను ఇంకో కారుది. రెండింటికీ పొత్తు కుదరాలంటే ఇంజను పొగ గొట్టానికి కొత్త మూతి అతకాలి. అలాంటిది బజార్లో దొరకదు, ఇంట్లో చేసుకోవాల్సిందే. టర్బో లేకపోతే పోటీలో ఆమె పేరు కొట్టేస్తారు. ఏడాదిగా నిద్దట్లో కూడా ఆ పోటీనే కలవరిస్తోంది పిల్ల.

పోత ఇనుముది పాడు గుణం. అతికే ముందు బాగా వేడి చెయ్యాలి. అతికాక పొడి ఇసుకలో పూడ్చి, ఒక రోజంతా దాని మానాన దాన్ని చల్లారనివ్వాలి. తొందరపెట్టి చల్లారిస్తే టంగుమని పగిలి కూర్చుంటుంది. ఆ పనిలో తండ్రిది అందె వేసిన చెయ్యి. ఊళ్ళో ఏ మెకానిక్కు చేతులెత్తేసినా ఆ సరుకు ఈ షెడ్డుకే వస్తుంది.

"ఊరందరివీ అతుకుతాయి, ఇంట్లోదే పగులుతుందేం?" అంది తల్లి.

"నువ్వొకత్తివి, పుండు మీద కారం!"

"నాకేం బాధ లేదండీ, హాయిగా ఉంది. పోయినేడు ఆ కారు బోల్తాపడి పిల్ల భుజానికి కట్టుతో ఇంటికొచ్చింది చూడండి, అప్పుడే చాలించమన్నాను. మీరే కదా కూర్చుని సొట్టలన్నీ తీసిచ్చారు! దాన్ని కాదనడం మీకు చేతకాదు."

నిజమే, చేతకాదు.

"అమ్మా, ఇప్పుడా సోదంతా ఎందుకు?" అంటూ కూతురు లేచింది. "నాన్నా, ఈ బీటంతా గ్రైండరుతో తోడేసి మళ్ళీ అతుకుదాం. ఇవాళ గురువారమేగా."

"మళ్ళీనా?" తండ్రికి తల బాదుకోవాలనిపించింది. "ఎన్నిసార్లని చావమంటావు? నా వల్ల కాదు తల్లీ. వచ్చే ఏడు చూసుకుందాం."

"సరే, నువ్వు కూర్చో. చెప్తూ ఉండు. నేనే అతుకుతాను."

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నిసార్లు పగిలితే ఎవరైనా విసిగిపోయి మానేస్తారు. ఈ పిల్లేమిటి, పగిలిన కొద్దీ పట్టు బిగిస్తుంది!

"మొండిఘటం! ఎవరి పోలికో!"

"ఎవరిదో నన్ను చెప్పమంటారా?" అనేసి తల్లి లోపలికి వెళ్ళిపోయింది.

తండ్రి స్టూలు మీద కూర్చుని సణుగుతూనే ఉన్నాడు. "ఆగాగు, ఇంకా వేడెక్కాలి... ఏం తొందర, రైలు వెళ్ళిపోతోందా?... అంగుళం అతికి ఆగు. సుత్తితో మెల్లగా తట్టు. మెల్లగా అన్నానా!"

కూతురు ఎదురు చెప్పకుండా చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆయన సణుగుడు తగ్గింది. కాసేపటికి స్టూలు వదిలి ఆమె భుజం మీంచి తొంగి చూడసాగాడు.

చివరి అంగుళం అయ్యాక ఆమె ముసుగు పైకెత్తింది. మొహం నిండా చెమట, మసి.

తండ్రి వంగి ఆ అతుకుని తేరిపార చూశాడు. ఎక్కడా ఎగుడు దిగుడు లేదు, చుట్టూ ఒకే తీరు. ఎంత గర్వం కలిగిందో చెప్పలేం. ఊరందరినీ పిలిచి చూపించాలనిపించింది.

"నా మొదటి అతుకు దీని ముందు దిగదుడుపే" అన్నాడు.

"నిజంగానా? అయితే ఈసారి పగలదుగా?"

"ఇంత బాగా అతికింది దానంతటది పగలదు తల్లీ."

ఇద్దరూ కలిసి గొట్టాన్ని ఇసుకలో పూడ్చారు. అయినా ఆమె కదల్లేదు. పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తండ్రి బయటికెళ్ళాడు, లోపలికొచ్చాడు, మళ్ళీ బయటికెళ్ళాడు.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు నువ్వు. వెళ్ళి నాలుగు మెతుకులు తిని రా. నేనున్నాగా!"

ఆమె అయిష్టంగానే లేచింది. "కదలొద్దు నాన్నా. పిల్లీ గిల్లీ వచ్చి ఇసుక కెలికిందంటే ఊరుకోను. నువ్వే కాపలా."

"అలాగేలే, వెళ్ళు."

కూతురి అడుగుల చప్పుడు ఇంట్లోకి పోయేదాకా ఆగి, తండ్రి షెడ్డు తలుపు దగ్గరగా వేసి, ఇంకా సెగలు కక్కుతున్న ఆ గొట్టాన్ని పట్టకారుతో ఇసుకలోంచి పైకి తీసి, కిందటి మూడుసార్లూ చేసినట్టే, దాని మీద చెంబుడు చన్నీళ్ళు కుమ్మరించాడు.