నడవలేనివాళ్ళు ఇద్దరు

"నడవలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా, ఈ ఇంట్లో?"

పక్క కొట్టం దగ్గర్నుంచి వచ్చి, గుమ్మం ముందు నిలబడి ఒక ముసలాయన అడిగాడు. భుజాన గుడ్డసంచి, చేతిలో నోటుబుక్కు. ఎన్నడూ చూసిన మొహం కాదు.

సుంకమ్మ తలుపుకు అడ్డంగా జరిగింది. ఆమె వెనకే మనవరాలు లావణ్య చాపమీద కూర్చుని ఉంది. ఏడేళ్ళ పిల్ల, పుట్టుకతోనే కాళ్ళు పనిచేయవు. తల్లీతండ్రీ లేని ఆ పిల్లే సుంకమ్మకు లోకం.

"ఎందుకప్పా నీకు?"

"పగటిపూట మీరు కూలికి పోతే, పాప దగ్గర ఎవరుంటారు?"

సుంకమ్మకు ఆ వీడియో గుర్తొచ్చింది. వారం నుంచి అందరి ఫోన్లలో ఒకటే వీడియో. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట. సంచి పట్టుకుని వస్తారట. ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతారట.

ఇంకేం కావాలి?

"ఓ పుష్పావతీ! తిప్పేషన్నా! రాండి, వచ్చినాడు వాడు!"

మంచం పట్టిన బసప్ప తప్ప ఐదు కొట్టాల జనమూ పరుగెత్తుకొచ్చారు. అందరూ జయరాం చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, కూలీలే. తోట నీళ్ళ కోసం జయరాం పైన పారే వంకకు అడ్డంగా సొంతంగా మట్టికట్ట వేయించుకున్నాడు. ఆ కట్ట కిందనే పదిహేనేళ్ళుగా వీళ్ళ కాపురాలు.

తిప్పేష్ ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. "ఎవురు నువ్వు? యాడిది మీ ఊరు?"

"చెప్తానయ్యా. ముందు ఆ కట్ట చూడండి, అడుగున ఊట ఎర్రగా..."

"కట్టతో నీకేం పని? పిల్లోళ్ళను లెక్క పెట్టుకుంటాండావు గదా!"

ఎవరో రాయి విసిరారు. ముసలాయన నుదురు చిట్లింది. ఆయన కింద పడ్డ నోటుబుక్కు తీసుకుని వెనుదిరిగాడు. పోతూ పోతూ కూడా, కొట్టాల నుంచి పక్కనున్న గుట్ట దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాడు.

"చూస్తిరా! ఎత్తుకుపోయేదానికి దారి గూడా చూసుకుంటాండాడు" అంది పుష్పావతి.

అప్పటినుంచి సుంకమ్మకు కంటిమీద కునుకు లేదు. కూలికి పోకుంటే పొయ్యి వెలగదు. అందుకని సంతలో పెద్ద తాళం కొనుక్కొచ్చి, రోజూ పిల్లను లోపల పెట్టి బయట తాళం వేసి పోసాగింది.

నాలుగో రోజు. ఇక్కడ చినుకు లేదు, ఎండ కాస్తోంది. వంక ఎగువన గుమ్మఘట్ట వైపు మాత్రం కుండపోత అట. మధ్యాహ్నం అందరూ మెరకమీద తోటలో కాయలు కోస్తుండగా కిందినుంచి పెద్ద చప్పుడు.

కట్ట తెగింది.

సుంకమ్మ పడుతూ లేస్తూ ఉరికింది. కొట్టాలు ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి.

"నేనే తాళమేసి చంపుకుంటి గదరా నాయనా!" నెత్తి బాదుకుంది.

"అవ్వా!"

గుట్టమీది నుంచి కేక. బండమీద లావణ్య కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి.

సుంకమ్మ పిల్లను గుండెకు అదుముకుంది. "ఎవురు తెచ్చినారే నిన్ను ఈడికి?"

"ఆ పొద్దు వచ్చిన తాత. మళ్ళా కట్ట చూసేకి వచ్చి, తెగుతాదని నన్ను ఈపున ఏసుకోని తెచ్చినాడు. ఇంగొకరు ఉండారని మళ్ళా కిందికి పోయినాడు."

పక్క కొట్టంలోని బసప్ప కోసం. సుంకమ్మ నీళ్ళవైపు చూసింది. అక్కడ బసప్పా లేడు, ముసలాయనా లేడు.

"మన తాళం రాయితో పగలగొట్టేకే చానా సేపు పట్టె అవ్వా" అంది పిల్ల.

సుంకమ్మ కొంగుకు కట్టిన తాళంచెవి తడుముకుంది.

పుష్పావతి సంచిలోని నోటుబుక్కు తీసి చదివింది.

'జయరాం కట్ట. కింద ఇళ్ళు ఐదు. మనుషులు పందొమ్మిది. నడవలేనివాళ్ళు ఇద్దరు. గుట్టకు నూట ఎనభై అడుగులు. ప్రమాదం చాలా ఎక్కువ.'

ఆ పేజీకి పాత ఆఫీసు కాగితం ఒకటి గుచ్చి ఉంది. 'జయరాం కట్ట. కింద ఇళ్ళు లేవు. ప్రమాదం లేదు.' అడుగున సంతకం, ఇంజనీరు ఇమ్మానుయేల్.

దాని పక్కనే, నోటుబుక్కులోని చేతిరాతతోనే కొత్తగా ఒక్క వాక్యం ఉంది: 'పన్నెండేళ్ళ కిందట, వచ్చి చూడకుండా, ఆఫీసులో కూర్చుని ఇది రాసింది నేనే.'