రెండు రంగుల మాత్ర

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న కార్ల మెకానిక్ ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయాడు.

పక్కనున్న ముసలాయన భుజం అడ్డుపెట్టి ఆపాడు.

"మళ్ళీనా!" భార్య అతని చెయ్యి పట్టుకుంది. "ఏదో ఒకరోజు కారు కింద ఉండగా ఇలా అయితే నా గతేంటి?"

"ఏం మందులు వాడుతున్నాడమ్మా?"

"బీపీకండీ. తెల్లమాత్ర పాత డాక్టరు రాసింది. గులాబీది ఇక్కడి కొత్త డాక్టరు రాశాడు."

"పాతాయన మందు సంగతి కొత్తాయనకు చెప్పారా?"

"చెప్తే కోప్పడతాడని ఈయనే వద్దన్నాడు."

"డాక్టర్ల దగ్గర కూడా రెండు కాపురాలా నాయనా?"

మెకానిక్ నీరసంగా నవ్వాడు.

"ఆ అట్టల మీద ఏం రాసుందో చదివావా తల్లీ?"

"పేర్లే కదా. వేరువేరుగా ఉన్నాయి."

"కింద చిన్నక్షరాలు చూడు."

"మీకెందుకండీ? మీ పని మీరు చూసుకోండి."

"నా కళ్ళకు ఆనవు. నీకు ఆనుతాయి. చదువు."

ఇక వదిలేలా లేడని, విసుగ్గా రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

పైన పెద్ద పేర్లు వేరు. కింద మందు పేరు మాత్రం ఒకటే.

ఆమె భర్త వైపు తిరిగింది.

"ఒకటే మందు! రెట్టింపు మింగుతున్నావు!"

"రంగు వేరు కదే!"

"కారుకు రంగు మారిస్తే ఇంజను మారుతుందా?"

అంతలో పిలుపొచ్చింది. ఈసారి ఆమె ఏదీ దాచలేదు.

డాక్టరు ఒక అట్ట పక్కన పెట్టేశాడు.

"ఇలాగే సాగితే ప్రాణం మీదికొచ్చేది. మంచిపని చేశావమ్మా. ఇక ఒకటే చాలు, భయం లేదు."

ఆ మాట చెప్పాలని ఆమె పరుగున బయటికొచ్చింది.

బెంచీ ఖాళీగా ఉంది. ఇందాక మంచినీళ్ళకని వెళ్ళిన ఆమె తల్లి సీసా పట్టుకుని స్తంభం చాటున నిలబడి ఉంది.

"అమ్మా, ఇక్కడున్న తాతగారేరీ?"

"వెళ్ళిపోయాడు."

"అయ్యో! పాపం, కసురుకున్నానే."

"నువ్వే నయం. నేనైతే ఆయన గుర్తుపడతాడని ఇక్కడే దాక్కున్నాను."

"ఆయన నీకు తెలుసా?"

తల్లి తల దించుకుంది.

"అయిదో క్లాసుతో చాలని నిన్ను దారం మిల్లులో పెట్టినప్పుడు, చట్టం మారింది, పద్నాలుగేళ్ళు నిండేదాకా చదివించాల్సిందేనని, నువ్వు పనికెళ్ళాక రోజూ వచ్చి మన గుమ్మంలో కూర్చుని, నేను మొహాన నీళ్ళు కొట్టినా కదలకుండా, చివరికి నిన్ను మళ్ళీ బడికి పంపించిన బడుల ఇనస్పెక్టరే ఆయన."