చెట్టు మీంచి పడ్డ మనిషి

"బావా, నువ్వు నోరు తెరవకు. ఈరయ్య మన ఇంట్ల పడలే. సమజైందా?"

దవాఖాన వరండాలో గొంతు తగ్గించి అన్నాడు పృథ్వీరాజ్. జగన్‌మోహన్ బావమరిది మాట వింటూ తన చొక్కా చేతుల వంకే చూసుకుంటున్నాడు. పనికొచ్చి పడ్డ ఈరయ్యను ఎత్తి ఆటోలో పడుకోబెట్టినప్పుడు అంటిన రక్తమూ సిమెంటూ కలిసి, ఎండి, పెచ్చులు కట్టాయి.

కట్టుకుంటున్నది సొంత ఇల్లు. కాంట్రాక్టర్‌ను పెట్టుకోలేదు. ఇసుక తెచ్చేదీ తానే, మేస్త్రీని పిలిచేదీ తానే, పరంజా కట్టించేదీ తానే. ఆ పరంజా మీంచి మనిషి పడితే జవాబు చెప్పవలసిందీ తానేనన్న సంగతి ఈ పొద్దు దాకా తట్టలేదు, అంతే.

"నడుముకు బెల్టు ఇచ్చినవా? కింద వల కట్టినవా?" అన్నాడు పృథ్వీరాజ్. "లేదు గద. కేసు నీ మీదనే. నౌకరీ పోతది. ఇల్లు సగంలనే నిలవడ్తది."

"మరి ఈరయ్య సంగతేందిరా?"

"గా ఫికర్ నాకిడిసిపెట్టు. వానితోని మాట్లాడిన. మేకలకు కొమ్మ కొట్టవోయి చెట్టు మీదికెళ్లి పడ్డ అని చెప్తడు. పరంజా గుడ ఇప్పించేసిన. ఐతారం గద, పనిల వాడొక్కడే ఉండె. చూసినోళ్లు లేరు."

"వాడు ఒప్పుకున్నడా?"

"సారు ఇల్లు ఆగొద్దు అన్నడు. నువ్వంటె పానం వానికి."

జగన్‌మోహన్ సరేననలేదు. వద్దనీ అనలేదు. చెడ్డవాడేం కాదు పాపం, భయం పట్టుకుంది.

అంతలో ఈరయ్య పెండ్లాం భాగీరథి వచ్చింది. అల్లం చేనులోంచి ఉన్నపళంగా షేరింగ్ ఆటో ఎక్కి వచ్చినట్టుంది, కాళ్లకు మోకాళ్ల దాకా మట్టి. లోపలికి పోనివ్వలేదని జగన్‌మోహన్ ఎదురుగా నేల మీదే కూలబడింది.

"పొద్దున తిన్నడా సారు? రొట్టె కట్టిస్త అంటె వద్దన్నడు. సారోళ్లింట్ల ఆకలితోని ఉంచరే అన్నడు."

"తిన్నడమ్మా."

"వేరేటోళ్లు పనికి పిలిస్తె, పడితె మాకు సంబంధం లేదని ముందుగాల్నే కాయితం రాయించుకుంటరంట. మా సారు గట్ల అడగలే అని ఊరంత చెప్పుకున్నడు మీ గురించి."

ఆ మాట జగన్‌మోహన్‌కు ఎక్కడో తగిలింది. అడగకపోవడానికి కారణం గుర్తొచ్చింది. పునాది తీసేటప్పుడు ఇన్సూరెన్స్ ఏజెంట్ ప్రేమ్‌సాగర్ వెంటపడి, పనివాళ్ల కోసమని ఒక పాలసీ కట్టించాడు. కట్టి మరిచిపోయాడు. లేచి, మెట్ల దగ్గరికి పోయి అతనికి ఫోన్ చేశాడు.

"వస్తయి సార్," అన్నాడు ప్రేమ్‌సాగర్. "దవాఖాన ఖర్చు వస్తది. మనిషికేమన్న అయితె ఇంటోళ్లకు పెద్ద మొత్తమే వస్తది. గాని మీ ఇంట్ల పని చేసుకుంట పడ్డడని పోలీసోళ్ల కాయితంల ఉండాలె. ఇంకోటి సార్, బెల్టు ఇయ్యకపోవుడు మీ తప్పు. దాని మీద కేసయితె పాలసీ ఆపదు. అది మీరే మొయ్యాలె."

"మోస్త," అన్నాడు జగన్‌మోహన్.

గబగబా నడిచి వస్తున్న బావను చూడగానే పృథ్వీరాజ్‌కు అర్థమైపోయింది. చెయ్యి పట్టి ఆపాడు.

"అక్క మొకం చూడు బావా. పిల్లల మొకం చూడు."

"భాగీరథి మొకం చూసినంకనే పోలీసోళ్ల తానికి పోతున్న. ఇడువు."

చెయ్యి విదిలించుకుని తలుపు దాకా పోయాడో లేదో, లోపలినుంచి భాగీరథి ఏడుపు వినిపించింది. అప్పుడే ఆమెను లోపలికి పిలిచినట్టున్నారు. నర్సు దుప్పటి ఈరయ్య ముఖం మీదికి లాగుతోంది.

కానిస్టేబుల్ శివరాజ్ టోపీ చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. జగన్‌మోహన్ అడ్డంగా నిలబడ్డాడు.

"చెట్టు లేదు, ఏం లేదు. మా ఇంటి పరంజా మీదికెళ్లి పడ్డడు. బెల్టు నేనే కొనియ్యలే. తప్పు నాది. రాసుకోన్రి."

శివరాజ్ ఈరయ్య వాంగ్మూలం రాసుకున్న కాగితం విప్పాడు.

"పరంజా ఉన్నదా?"

"ఇప్పేసిన్రు."

"చూసినోళ్లు?"

"భాగీరథిని అడుగున్రి. పొద్దున మా ఇంటికే పనికొచ్చిండు."

"ఆమె చేన్ల ఉండె గద సారు. పడంగ ఎట్ల చూస్తది?" శివరాజ్ ఆగి, నెమ్మదిగా అడిగాడు. "పనోళ్లకు ఇన్సూరెన్స్ ఏమన్న కట్టిన్రా?"

"కట్టిన. ఆమెకు రావాలె."

శివరాజ్ ముఖం మెత్తబడింది. జగన్‌మోహన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అసోంటోళ్లు తక్కువ సారు. ఆమెకు పైసలు రావాలని లేని తప్పు మీదేసుకుంటున్నరు. గాని డాక్టర్ ముందట ఏలుముద్ర ఏసిండు. నేను రెండుసార్లు అడిగిన. సారుకు ఏం సంబంధం లేదనే అన్నడు."

"అబద్ధం చెప్పిండు. నా కోసం చెప్పిండు."

శివరాజ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పానం పోయేటప్పుడు ఎవ్వడు అబద్ధం చెప్పడు సారు."