పెన్సిలుతో రాసిన పేరు

1948లో పుంగనూరు ఓటర్ల జాబితా రాసే పని మా బడిపంతుళ్ల మీద పడింది. ఊళ్లో ఏ హోటల్లో విన్నా ఒకటే వాదన: ఎవరు ఈ దేశం వాళ్లు, ఎవరు పాకిస్తాన్ పోవాల్సినవాళ్లు అని.

వీధంతా సిరాతో రాస్తూ వచ్చినవాణ్ణి, ముసలి మంత్రసాని మైమూన్ బీ గడప దగ్గర కలం మూసి, పెన్సిల్ తీసి ఆమె పేరు రాశాను. రేపు వెళ్లిపోతే చెరిపేయడం సులభమనుకున్నాను.

"అమ్మా, మీరు ఈడనే ఉంటారా, పోతారా?" అన్నాను. ఆ ప్రశ్న నా కాగితంలో లేదు.

"యాడికి పోయేదప్పా? పుట్టింది ఈడనే."

"దానికి సాక్షి ఎవరన్నా ఉండారా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "నా పుట్టుక సూసినోళ్లు అందరూ పోయినారు. నీ పుట్టుకకైతే నేనుండా. కరువులో మీయమ్మ నిండు కడుపుతో కుప్పం నుంచి నడిసొచ్చింది. ఎవురో, యాడోళ్లో అని వీధిలో ఒగరూ లోపలికి రానీలేదు. నువ్వు ఈ గడప లోపలే పుట్టినావు, జయరత్నం."

మా అమ్మ ఈ మాట నాకెన్నడూ చెప్పలేదు.

"నువ్వు యాడోడివని ఎవురన్నా అడిగితే నన్ను పిలు. వచ్చి సాక్ష్యం సెప్తా," అంది నవ్వుతూ.

నేను తల వంచుకుని, కలం తీసి, ఆమె పేరు మీదే మళ్లీ సిరాతో దిద్దాను.

"యాలప్పా రాసిందే రాస్తాండావు?"

"పెన్సిల్ సరిగ్గా పడలేదమ్మా," అన్నాను.