గడ్డం కింద గుండీ

"ఇది చెల్లదమ్మా. గడువు తీరిపోయింది," అన్నాడు సరిహద్దు స్టేషన్లో ముద్రలు వేసే ఆఫీసరు.

"తెలుసు. ఊరికే చూపించాను. అందులో ఉన్నది నేనే," అంది పిట్ట.

ఆఫీసరు ఆ పాత పాస్‌పోర్టు తెరిచాడు. రంగు వెలిసిన ఫొటో. తెల్ల దుప్పటి ముందు రెండు నెలల పసిగుడ్డు, కళ్లు ఇంతింత చేసుకుని చూస్తోంది.

"బాగానే ఉన్నావు గానీ, ఇంత లేని పిల్లకి గడ్డం కింద అంత లావు గుండీ కుట్టిన మహానుభావుడెవరు?"

"మా ఇంట్లో కూడా అదే అనుకుని నవ్వుకుంటాం," అంది పిట్ట.

పిట్ట అనేది ఇంట్లో పిలుపు. వయసు పదేళ్లు. పుట్టింది ఈ దేశంలోనే. మూడో నెలలో అమ్మానాన్నలు దత్తత తీసుకుని పక్క దేశానికి పట్టుకుపోయారు. అటూ ఇటూ మాట ఒకటే, ముద్రలే వేరు. పొద్దుటి రైలుకి వచ్చి సాయంత్రం రైలుకి వెళ్లిపోవాలి. ఒక్క రోజుకే అనుమతి.

పిట్ట తెచ్చుకున్నది ఒక్కటే ప్రశ్న. కన్నవాళ్లెవరని కాదు. అది ఎవరికీ తెలియదని ఎప్పుడో చెప్పారు, ఊరుకుంది.

"ఆ మూడు నెలలూ నన్నెవరైనా ఎత్తుకున్నారా? లేకపోతే ఉయ్యాల్లో పడేసి ఉంచారా?"

దత్తత ఫైల్లో బరువు ఉంది. వేసిన సూదులున్నాయి. తాగిన పాలున్నాయి. ఎత్తుకున్నవాళ్ల పేరు రాయడానికి మాత్రం ఏ ఫారంలోనూ గడి ఉండదు.

ఆ మూడు నెలలూ పిట్ట ఉన్న శిశు గృహంలో గుమస్తా ఆ ఫైలునే రెండుసార్లు తిరగేసి మూసేశాడు.

"అప్పటి ఆయాలు ముగ్గురూ మానేశారండీ. నర్సు ఎటు వెళ్లిందో తెలీదు. పాతవాళ్లు ఒక్కరూ లేరు."

"ఒక్కరు కూడానా?" అంది అమ్మ.

"ఉంటే దాచుకుంటామా?"

"మరి ఆయన?" పిట్ట కిటికీలోంచి వేలు చూపించింది. వెనక పెరట్లో ఒక ముసలాయన దుప్పట్లు ఆరేస్తున్నాడు.

"ఆయనా! ఎప్పట్నుంచో ఉన్నాడు గానీ, ఆయన పని బట్టలు ఉతకడం. పిల్లల సంగతి ఆయనకేం తెలుస్తుంది?"

పిట్ట ముఖం చిన్నబోయింది.

"సర్లే, ఇంత దూరం వచ్చాం. ఇక్కడో ఫొటో తీసుకుందాం పద," అన్నాడు నాన్న.

బయటికొచ్చి గోడ ముందు నిలబెట్టాడో లేదో, ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చేశాడు.

"ఆ గోడకి రంగులు వేస్తున్నారు బాబూ, బాగుండదు. ఇటు రండి. ఫొటోకి ఎప్పుడైనా తెలుపే బాగుంటుంది."

ఎవరూ అడక్కుండానే ఒక ముక్కాలిపీట తెచ్చి, తీగ మీద ఆరుతున్న దుప్పటి ముందు వేసి, భుజం మీది తువ్వాలుతో దులిపాడు.

"ఈయనొకడు తగిలాడు," అని గొణిగాడు నాన్న.

"పోనిద్దురూ, పెద్దవాడు," అంది అమ్మ.

పిట్ట కూర్చుంది. ముసలాయన దుప్పటి వెనక్కి వెళ్లాడు. అక్కణ్నుంచి ఒక చెయ్యి వచ్చి పిట్ట గడ్డాన్ని సరిచేసింది.

"తల ఎడమకి వాల్చకు అమ్మడూ. ఆఁ, అలాగ. మెడ బాగా నిలిచిందే!"

"పదేళ్ల పిల్లకి మెడ నిలవదా ఏంటి?" నాన్నకి చిరాకులోనూ నవ్వొచ్చింది. "పెద్దాయనా, మీ చెయ్యి పడుతోంది. ఇవతలికి రండి."

"పడదు బాబూ. ఫొటోలో పడకుండా ఉండటం నాకు అలవాటే. నువ్వు నొక్కు."

పిట్ట కిసుక్కున నవ్వింది. గుమస్తా గదిలోంచి వచ్చాక అదే మొదటి నవ్వు. నాన్న గబుక్కున నొక్కేశాడు.

ముసలాయన ఇవతలికి వచ్చి పీట తీస్తుంటే, అతని బొటనవేలు పిట్ట కంటపడింది. గోరు లేదు. నున్నగా, గుండ్రంగా ఉంది.

"వేలికేమైంది తాతా?"

"ఇస్త్రీపెట్టె పడిందమ్మడూ. నువ్వు పుట్టకముందు మాట. గోరు మళ్లీ రానంది, నేనూ బతిమాలలేదు." పిట్ట ముఖంలోకి చూశాడు. "పదేళ్లన్నారు కదూ? అయితే ఆ యేడు..."

"రైలు!" అంది అమ్మ, గడియారం చూపిస్తూ.

"వెళ్లిరండి, వెళ్లిరండి," అన్నాడు ముసలాయన.

పిట్ట గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. అతని రెండు చేతుల్లోనూ తడి దుప్పటి ఉంది. అందుకని తల ఊపాడు.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. తెచ్చుకున్న రొట్టెలు తిన్నాక అమ్మకి కునుకు పట్టింది. నాన్న ఫోన్లో ఫొటోలు చూసుకుంటున్నాడు.

"చెప్తే విన్నాడా మనిషి? వేలు పడనే పడింది. ఉండు, చెరిపేస్తాను. ఒక్క నిమిషం పని."

పిట్ట తొంగి చూసింది.

"ఆగు నాన్నా."

సంచిలోంచి పాత పాస్‌పోర్టు తీసి ఫోను పక్కన పెట్టింది. ఇటు చూసింది. అటు చూసింది. మళ్లీ ఇటు చూసింది.

రైలు సరిహద్దు దాటి అప్పటికి పావుగంటయింది. ఒక్క రోజు అనుమతి మీద ముద్ర కూడా పడిపోయింది.

"ఎత్తుకున్నారు నాన్నా నన్ను," అంది పిట్ట నెమ్మదిగా. తల ఎడమకి వాల్చి నాన్న భుజం మీద పెట్టుకుంది.

నాన్న రెండు ఫొటోలూ వెలుతురుకి పెట్టి చూశాడు.

పదేళ్లుగా ఇంటిల్లిపాదీ నవ్వుకున్న ఆ లావు గుండీ, దుప్పటి వెనక దాక్కుని నిలవని మెడని పట్టుకున్న గోరు లేని బొటనవేలు.