చవక జలపాతం

నా భార్య మునిలక్ష్మమ్మ కర్మ భోజనాల్లో సాంబారు నీళ్ల నీళ్లగా ఉందని మా వీధి వాళ్లన్నారు. నోరు తెరిచి అన్నది ఒక్క వెంకటలక్ష్మమ్మే. తలలూపింది అందరూ. కాబట్టి అందరూ అన్నట్టే.

ఆ సాంబారు నేను చేశాను. వంటవాణ్ణి పెట్టలేదు. మునిలక్ష్మమ్మ ఎలా చేసేదో అలాగే చేశాను.

మర్నాడే పైపు కోసేశాను. పుంగనూరులో మా వీధికి నా బోరు నుంచి ఆ పైపు వేయించింది మునిలక్ష్మమ్మే. అందరికీ ఊరికే ఇచ్చేది. నేనివ్వను. ఎండాకాలం వచ్చింది. వీధిలో బోర్లన్నీ ఎండిపోయాయి. నాది పోస్తూనే ఉంది. ఎవరో ఒకరు వచ్చి ఆ రోజు సాంబారు బాగుందని ఒక్క మాట అంటే చాలు, పైపు మళ్లీ అతికిస్తాను. ఆ సంగతి చెప్పి పంపాను కూడా.

ఎవ్వరూ రాలేదు. అంత అబద్ధం తమ వల్ల కాదన్నారట.

అలాంటి వాళ్లు షికారు పెట్టుకున్నారు. లారీ నడిపే ముక్తియార్ ఏర్పాటు. మదనపల్లె దారిలో ఒక కొండ, మీద క్యాంపు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి ఇల్లు. చాలా చవక. తాగడానికి నీళ్లు లేని వాళ్లకు షికారేమిటి? వాళ్ల అవస్థ కళ్లారా చూడాలని నేనూ వస్తానన్నాను.

ముక్తియార్ మొహం మాడింది.

"నీకు మోకాళ్ల నొప్పులు కదా గోవిందప్పన్నా. ఆడ అంతా రాళ్లు."

"రాళ్లయితే నీకేం? టికెట్ ఇయ్యి."

తల గోక్కుంటూ వెళ్లాడు. సాయంత్రం మళ్లీ వచ్చాడు.

"అన్నా, చెప్పడం మరిచినా. ఆడ జలపాతం కూడా ఉండాది."

ఈ ఎండల్లో జలపాతం! వీడి బండారం అందరి ముందూ బయటపెట్టాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

షికారు రోజు పొద్దున్నే నా ట్రాక్టరు ట్యాంకరు తగిలించుకుని కుప్పం వైపు ఏదో పెళ్లికి పోయింది. డ్రైవరు రమణ ముందే బేరం కుదుర్చుకొచ్చాడు. ఇంట్లో నాకు పని లేదు. లారీ ఎక్కాను.

లారీలో షికారు లక్షణాలేవీ కనిపించలేదు. బిందెలు, బకెట్లు, మాసిన దుప్పట్ల మూటలు. సుగ్రా తన ఇంట్లో కర్టెన్లన్నీ పీకి తెచ్చింది. రెడ్డెప్ప తన పాడి ఎనుమును కూడా ఎక్కించాడు.

"ఎనుముకు యాలరా షికారు?"

"ఎన్నాళ్లని కట్టుగొయ్య కాడే ఉంటాదప్పా? దానికీ ఆశ ఉండదా?"

క్యాంపు అంటే నాలుగు గుంజలకు కట్టిన టార్పాలిన్. జలపాతం అంటే ఎండిపోయిన బండ. మనుషులూ ఎనుమూ కలిసి బండ కింద నిలబడ్డాం. పైన కాకి కూడా లేదు.

"యాడరా నీ జలపాతం?"

"వస్తాండాది అన్నా. దావలో ఉండాది."

ముక్తియార్ విజిల్ వేశాడు. పైన ఏదో దడదడలాడింది. ఉరుమనుకున్నాను. బండ అంచు మీంచి నీళ్లు దూకాయి. మొదట సన్నగా, తర్వాత తొడ లావున.

ఇక ఎవరూ ఎవరినీ చూడలేదు. ఒకరు తల రుద్దుకుంటే ఆ నురగతోనే పక్కవాళ్లు దుప్పటి ఉతికారు. పిల్లల్ని చెవులు పట్టి నీళ్ల కిందికి తోశారు. అన్నిటికంటే మంచి చోటు ఎనుము పట్టుకుంది. వెంకటలక్ష్మమ్మ బిందె మీద బిందె పట్టి వరసగా పెడుతోంది, నా కళ్ల ముందే.

ఇన్ని నీళ్లు దొరికాక నా గడప ఎవరు తొక్కుతారు? సాంబారు బాగుందని ఇక ఎవరంటారు?

ఎండ మాత్రం నాకూ ఒకటే. చొక్కాతోనే దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. దోసిలి పట్టి తాగాను. తియ్యగా ఉన్నాయి.

"నీళ్లంటే ఇవీ!" అని గట్టిగా అన్నాను. "దేవుడిచ్చినవి. వీటి ముందు నా బోరు యాడికి పనికొస్తాది? ఇంక మీరెవరూ నా ఇంటికి రాబాకండి."

ఎలాగూ ఎవరూ రావడం లేదు. ముందుగా నేనే అంటే మర్యాదగా ఉంటుంది.

రెడ్డెప్ప ఎనుము వెనక్కి పోయాడు. సుగ్రా తడి కర్టెన్ నోట్లో కుక్కుకుంది.

ముక్తియార్ మళ్లీ విజిల్ వేశాడు. జలపాతం ఆగిపోయింది.

"భోజనాలు!" అన్నాడు.

దేవుడి నీళ్లకు విజిల్ ఏమిటని అడగబోయాను. ఆకలి అడగనివ్వలేదు.

టార్పాలిన్ కింద ఆకులు వేశారు. వంట అక్కడే, ఆ నీళ్లతోనే. వెంకటలక్ష్మమ్మ నా అన్నంలో సాంబారు పోసింది. అది అన్నంలో నిలవలేదు. ఆకు దాటి, నా కాళ్ల మధ్యగా రెడ్డెప్ప ఆకు వైపు పోయింది. భార్య పోయిన నాటి నుంచి నేను ఎదురుచూస్తున్న రోజు ఇదే.

"ఏమమ్మా వెంకటలక్ష్మమ్మా! సాంబారు నీళ్ల నీళ్లగా ఉండాదే!" వీధి వీధంతా వినేలా అన్నాను.

ఆమెకు కోపం రాలేదు.

"యాల ఉండదప్పా? ఆ పొద్దు నీ సాంబారులో పోసిన నీళ్లే ఇవి కూడా" అని గరిటెతో బండ పైకి చూపించింది.

బండ అంచున, కుప్పం పెళ్లిలో ఉండాల్సిన నా ట్రాక్టరు, మునిలక్ష్మమ్మ పేరు రాయించిన నా నీళ్ల ట్యాంకరుతో సహా నిలబడి ఉంది. ఈ సంగతి ఇక జన్మలో నేను మాట్లాడను.