జాగా మారితే

“ఏసీ గాలి తగలనియ్యకు. దానికి అస్సలు పడదు,” అంది ఊర్మిళ.

యోగిత ఫోన్‌లో రాసుకుంది. వచ్చి అరగంటైంది, టీ చల్లారిపోయింది. యోగితను తప్పుపట్టడానికి ఊర్మిళకు ఒక్క సాకూ దొరకలేదు. కడుపుమంటంతా అందుకే.

లోపలి గదిలో కిటికీ పక్కన రాధిక ఫైకస్ నిగనిగలాడుతోంది. మర్రికీ రావికీ చుట్టమైన ఇంటిమొక్క. బతికున్నప్పుడు రాధిక ఆదివారం ఆదివారం ఒక్కో ఆకూ తుడిచేది.

“నీళ్లెలా అక్కా?”

“కొంచెం కొంచెం. ఒక్కపారే గుమ్మరిస్తే సగం కిందనే పోతయి. ఈ నీలం మగ్గు సుత తీస్కపో. దీనికే అలవాటు.”

యోగిత మగ్గును చున్నీతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

రాంగోపాల్‌పేట్‌లోని ఈ రెండో అంతస్తుకు అది వచ్చి నాలుగేళ్లు. చెల్లెలు రాధిక పోయిన నెలకు, ఆమె భర్త హరికిషన్ ఆటోలో తెచ్చి అప్పగించాడు. “నాతోని కాదు వదినా,” అని గోడకు తల ఆనించి ఏడ్చాడు. అప్పుడు జానెడుండేది. ఇప్పుడు ఊర్మిళ నడుము దాకా వచ్చింది. ఈ ఏడే హరికిషన్ యోగితను చేసుకుని యాప్రాల్‌లో కాపురం పెట్టాడు. “రాధిక యాది గద వదినా, నా ఇంట్లనే ఉండాలె,” అన్నాడు. కాదనడానికి తనకేం హక్కుంది? పెంచినంత మాత్రాన సొంతమైపోతుందా? ఊర్మిళ గుండె ఆ ముక్క ఒప్పుకోవడం లేదు.

“కొత్తచోటు పడకపోతేనో?” యోగిత ఫోన్‌లోంచి తలెత్తింది.

“ఆ ఫైకస్ ఈడికొచ్చిన పదిహేను రోజులల్ల ఆకులన్నీ రాల్చింది. పరేషానయి తుకారాం నర్సరీకి ఉర్కిన. ‘జాగా మారితే అలుగుతదమ్మా. మల్ల జాగా మార్చకు, రెండు నెల్లల్ల చిగురేస్తది’ అన్నడు. అందుకే చెప్తున్న, వాడినట్టు కనబడ్డా వాపస్ తేకు. రెండోసారి తట్టుకోదు.”

“మీరు వచ్చి చూస్తుంటారుగా?”

“రెండు నెల్లదాకా రాను. ఇంకోటి... రోజూ దానితోని మాట్లాడు. జవాబు రాకున్నా సరే.”

యోగిత నవ్వలేదు. అదీ రాసుకుంది.

హరికిషన్ మెట్లెక్కి వచ్చాడు. “వెనక సీటు ఖాళీ చేసిన వదినా. ఎండ తగ్గినంక పోదుమా?”

“వద్దు, ఇప్పుడే తీస్కపోండ్రి. సాయంత్రానికి నా మనసు మారుతది.” తన పాత నేతచీర తెచ్చి చేతిలో పెట్టింది. “ఎండ తగలకుండ కప్పు. కుదుపులు లేకుండ మెల్లగ పో.”

అతను లోపలికి వెళ్లాడు. చీర కప్పి, భుజానికి ఆనించుకుని, అడుగులో అడుగు వేస్తూ మెట్లు దిగాడు. ఊర్మిళ చూడలేక గోడవైపు తిరిగింది. సంచీ పట్టుకుని యోగిత వెనకే వెళ్లింది.

కింద కారు స్టార్టయిన చప్పుడు వినగానే ఊర్మిళకు ప్రాణం ఆగలేదు. కిటికీ దగ్గరికి ఉరికి, ఫైకస్ కొమ్మలు పక్కకు తప్పించి కిందికి చూసింది.

కారు వెనకద్దానికి చిట్టి చేతులు రెండూ ఆనించి, “అమ్మా!” అని ఏడుస్తోంది అది.